పాల సరఫరాకి యాప్ చేయించాలనుకుంటున్నాం: ఖాతాదారులు నిలబడాలంటే అందులో ఏముండాలి?

పాలకేంద్రం_తెనాలి · గురువారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తెనాలిలో పాల వ్యాపారం. నాన్నగారు మొదలుపెట్టింది, ఇప్పుడు నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. చుట్టుపక్కల ఊళ్లలో రైతుల దగ్గర పాలు సేకరించి, చల్లబరిచి, ప్యాకెట్లు చేసి తెల్లారేసరికి ఇళ్లకి వేస్తాం. చెంచుపేట, గంగానమ్మపేట, మారీసుపేట, కొత్తపేట కలిపి ఆరేడు వందల ఇళ్లుంటాయి. గేదె పాలు, ఆవు పాలు, పెరుగు, నెయ్యి. అంతే, వేరే సరుకు లేదు.

ఇంటింటికీ ఒక అట్ట కార్డు ఇస్తాం. పాలు వేసే కుర్రాడు రోజూ అందులో టిక్కు పెడతాడు. మా దగ్గర ఖాతా పుస్తకం ఉంటుంది. నెలాఖరుకి రెండూ సరిచూసుకుని డబ్బు కడతారు. పాలు వద్దనుకుంటే ముందురోజు రాత్రి నాకు ఫోనో, వాట్సాపో చేస్తారు.

ఈమధ్య అపార్ట్‌మెంట్ల వాళ్లు బయటి యాప్‌లకి మారిపోతున్నారు. ధరలో పెద్ద తేడా లేదు. పాలు మావే బాగుంటాయని వాళ్లే అంటారు. అయినా పోతున్నారు. అందుకని మేమూ యాప్ పెడదామని ఒక సంస్థని పిలిపించాం. వాళ్ల ప్రతిపాదనలో రివార్డ్ పాయింట్లు, రోజూ తిప్పే అదృష్ట చక్రం, కొత్తవాళ్లని చేర్పిస్తే బహుమతి, పైన కదిలే ప్రకటనలు, వాలెట్, గోల్డ్ మెంబర్‌షిప్ ఉన్నాయి. నాలుగు లక్షలు అడుగుతున్నారు, ఏటా నిర్వహణ వేరు. ఇవన్నీ ఉంటేనే కస్టమర్ మనల్ని వదిలిపోడని వాళ్ల మాట. నాకు మనసొప్పట్లేదు. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

కోడ్_కాకినాడ · గురువారం, రాత్రి 10:05

యాప్ సంగతి తర్వాత అన్నా. పోయినవాళ్లు ఎందుకు పోయారో అడిగారా? మన ఊహ కాదు, వాళ్ల నోట ఏమొచ్చిందో చెప్పండి.

పాలకేంద్రం_తెనాలి · గురువారం, రాత్రి 10:31

అడిగాను తమ్ముడూ. మొహమాటపడుతూనే చెప్పారు. ఎక్కువమంది చెప్పింది ఊరెళ్లేటప్పుడు వద్దన్నా ప్యాకెట్లు పడ్డాయని, తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు పాడైపోయి ఉన్నాయని. కుర్రాడికి నేను చెప్పడం మర్చిపోయి ఉంటాను, లేదా వాడు మర్చిపోయి ఉంటాడు. రెండోది నెల లెక్కలో తేడా. కార్డులో ఒకటి, పుస్తకంలో ఒకటి. ఒకావిడ మాత్రం, “రాత్రి పదింటికి మీకు ఫోన్ చేసి రేపు వద్దు అనాలంటే ఇబ్బందిగా ఉంటుందండీ, యాప్‌లో అయితే ఎవరికీ చెప్పక్కర్లేదు” అన్నారు. పాయింట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

డిజైనర్_మణికొండ · శుక్రవారం, ఉదయం 7:15

మీకు కావలసిన యాప్ ఏమిటో ఆవిడే చెప్పేశారండీ. నేను హైదరాబాద్‌లో యాప్ డిజైన్ పనిలో ఉన్నాను. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

మీ ఖాతాదారుకి రోజూ మీతో పనేమీ ఉండదు. పాలు వస్తాయి, కాఫీ పెట్టుకుంటారు. మీతో పనిబడేది ఏదో మారినప్పుడే. రేపు వద్దు. రేపు చుట్టాలొస్తున్నారు, రెండు లీటర్లు కావాలి. నాలుగు రోజులు ఊళ్లో ఉండం. ఈ నెల ఎంతైంది? మీ యాప్ బాగుందా లేదా అన్నది ఈ నాలుగు పనులు ఎంత తేలిగ్గా అవుతాయన్నదాన్ని బట్టే ఉంటుంది. వీటి కోసమే తెరిచే యాప్‌లో ముందు అదృష్ట చక్రం కనబడితే విసుగొస్తుంది.

మొదటి తెర ఇలా ఉండాలని నా ఆలోచన. తెరవగానే పెద్ద అక్షరాలతో: “రేపు శనివారం. గేదె పాలు 1 లీటరు.” దాని కింద మూడు బటన్లు: ‘రేపు వద్దు’, ‘ఎక్కువ కావాలి’, ‘కొన్ని రోజులు ఆపండి’. ఆ కింద ఒక వరుసలో ఈ నెల ఇప్పటిదాకా ఎన్ని లీటర్లు, ఎంత డబ్బు. ఇంకేమీ వద్దు. ‘రేపు వద్దు’ నొక్కితే వెంటనే “రేపు పాలు వేయం. ఆదివారం నుంచి మామూలుగా వస్తాయి” అని రావాలి, పక్కనే ‘మళ్లీ కావాలి’ ఉండాలి. నిజంగా వద్దా అని రెండోసారి అడగొద్దు. పొరపాటున నొక్కితే వెనక్కి తీసుకునే దారి ఉంటే చాలు.

చాలామంది వ్యాపారులు ఇక్కడే భయపడతారు. వద్దనడం ఇంత సులభం చేస్తే అమ్మకం తగ్గదా అని. రేపటి ఒక్క లీటరు తగ్గొచ్చు. కానీ ఆపడం తన చేతిలో ఉందని తెలిసిన మనిషి ఖాతా మూసేయాలని అనుకోడు. ఒక్కరోజు పాలు ఆపుకోలేకపోయినవాళ్లే మొత్తంగా మానేస్తారు. మీ దగ్గర నుంచి పోయినవాళ్లు చెప్పింది కూడా అదే కదా.

రాత్రిషిఫ్ట్_హైదరాబాద్ · శుక్రవారం, ఉదయం 8:02

పై మాటకి నేనే సాక్షిని. ఇక్కడ ఒక పాల యాప్ వాడేవాణ్ణి, పేరు వద్దులెండి. చేరేటప్పుడు రెండు నొక్కుల్లో పనైపోయింది. మానేద్దామని చూస్తే ఆ బటన్ ఎక్కడుందో దొరకదు. ప్రొఫైల్‌లోకి వెళ్లి, సహాయంలోకి వెళ్లి, చాట్ తెరిస్తే ఒక మనిషి వచ్చి ఆఫర్లు చదువుతాడు. వాలెట్‌లో మిగిలిన డబ్బు పాలు కొనుక్కోవడానికే తప్ప వెనక్కి రాదన్నారు. ఆ డబ్బు అయిపోయేదాకా కొని వదిలేశాను. మా ఫ్లోర్‌లో ఎవరు అడిగినా దాని జోలికి పోవద్దనే చెబుతాను.

లాయర్_గుంటూరు · శుక్రవారం, ఉదయం 9:20

ఇలాంటివాటికి నిబంధనలు ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ పాటర్న్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లలో కొనేవాణ్ణి మభ్యపెట్టే ఎత్తులు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 13 రకాల మాయలను పేరుపెట్టి నిషేధించింది. చేరడం సులువు చేసి, మానేసే దారిని దాచిపెట్టడమో మెలికలు తిప్పడమో అందులో ఒకటి. అడగకుండా బుట్టలో సరుకు చేర్చడం, ధర చివర్లో పెంచడం, లేని తొందర పుట్టించడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపరిచే మాటలు పెట్టడం కూడా ఉన్నాయి. చివరిదానికి వాళ్లిచ్చిన ఉదాహరణ విమానం టికెట్‌ది. బీమా వద్దనుకునేవాడు “నేను రక్షణ లేకుండానే ఉంటాను” అన్న బటన్ నొక్కాల్సి రావడం. ఈ మార్గదర్శకాలు చిన్న వ్యాపారికీ వర్తిస్తాయి.

తెనాలి మిత్రులు ఇంకొకటి గమనించాలి. ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఏ రోజుల్లో ఇంట్లో ఉండరన్న సమాచారం, అన్నీ మీ దగ్గర చేరతాయి. చివరిది దొంగకి చాలా విలువైనది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు. అవసరానికి మించి అడగొద్దు, దేనికి తీసుకున్నారో దానికే వాడాలి. పాలు వేయడానికి ఫోన్‌లోని కాంటాక్టులు చదివే అనుమతి ఎందుకు? మీకిచ్చిన ప్రతిపాదనలో స్నేహితుల్ని చేర్పించే పథకం ఉందన్నారు, ఆ వంకతో దాన్ని అడుగుతారు. ఒప్పుకోకండి.

మెడికల్‌షాప్_హన్మకొండ · శుక్రవారం, మధ్యాహ్నం 1:45

అందరు పాయింట్లను తిట్టుడే మొదలుపెట్టిన్రు. నేను వేరే మాట చెప్తా. మా షాపుల పాయింట్లు పెట్టినం, పనిచేసినయ్. పక్కన పెద్ద గొలుసు షాపు వచ్చినా మా గిరాకీ మా దగ్గరనే ఉన్నది. మనిషికి ఏదో వస్తున్నదన్న ఆశ ఉంటది. దాన్ని తక్కువ చేసి చూడొద్దు.

డిజైనర్_మణికొండ · శుక్రవారం, మధ్యాహ్నం 2:30

తక్కువ చేయట్లేదన్నా, పాయింట్లు పనిచేస్తాయి. దీనిమీద మంచి ప్రయోగమే ఉంది. అమెరికాలో న్యూనెస్, డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించారు. కార్లు కడిగేచోట 300 మందికి స్టాంపు కార్డులిచ్చారు, కడిగించిన ప్రతిసారీ ఒక స్టాంపు, గళ్లన్నీ నిండితే ఒకసారి ఉచితం. సగం మందికి 8 గళ్ల ఖాళీ కార్డు, మిగతా సగానికి 10 గళ్ల కార్డు, కానీ అందులో 2 స్టాంపులు ముందే వేసి. ఏ కార్డువాళ్లైనా కడిగించుకోవాల్సింది 8 సార్లే. ఖాళీ కార్డు పూర్తిచేసినవాళ్లు 19 శాతం, ముందే రెండు స్టాంపులు పడినవాళ్లు 34 శాతం. పని ఇప్పటికే మొదలైందనిపిస్తే మనిషి దాన్ని పూర్తిచేస్తాడు.

కానీ అది కారు కడగడం. ఎక్కడైనా, ఎప్పుడైనా చేయించుకోవచ్చు, వాయిదా వేయొచ్చు. అలాంటిచోట మనిషిని మళ్లీ మనవైపు లాగడానికి ఒక కారణం కావాలి. పాల ఖాతాదారు ముందే రోజూ కొంటున్నాడు. ఇంట్లో నలుగురుంటే తాగేది లీటరో లీటరున్నరో, పాయింట్ల కోసం మూడు లీటర్లు తాగరు. కాబట్టి ఇక్కడ పాయింట్లకి ఖర్చుపెట్టిన ప్రతి రూపాయీ లెక్క తప్పకుండా చూసుకోవడానికి పెట్టలేకపోయిన రూపాయే అవుతుంది.

ఇంతకీ మీ షాపులో గిరాకీ నిలబడింది పాయింట్లవల్లే అంటారా? ఇంకేమైనా చేస్తున్నారా?

మెడికల్‌షాప్_హన్మకొండ · శుక్రవారం, సాయంత్రం 6:10

బీపీ, షుగర్ గోళీలు నెలకోసారి తీసుకుంటరు గదా. అయిపోయే రెండు రోజుల ముందు మేమే మెసేజ్ పెడతం, “ఈ గోళీలు అయిపోతున్నయ్, తెచ్చియ్యాల్నా” అని. ఔ అంటే ఇంటికి పంపిస్తం. ఇది కూడా ఉన్నది. కానీ పాయింట్లు తీసేయమంటే తీసెయ్య. మీరు కూడా పాలకి వద్దుగానీ నెయ్యికి పెట్టుకోన్రి. నెయ్యి ఎవరైనా ఎక్కడైనా కొంటరు.

పాలకేంద్రం_తెనాలి · శుక్రవారం, సాయంత్రం 6:55

నెయ్యి మాట బాగుందన్నా. నోట్ చేసుకున్నా.

విశ్రాంత_టీచర్ · శుక్రవారం, రాత్రి 8:20

బాబూ, నేను కంప్యూటర్ పని తెలిసినదాన్ని కాదు. పాలు కొనుక్కునేదాన్ని, అరవై ఎనిమిదేళ్లు. మీరందరూ యాప్ ఎలా ఉండాలో మాట్లాడుకుంటున్నారు గనుక నా వంతు చెబుతాను.

నా ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టాడు మా అబ్బాయి. దాంతో చాలా యాప్‌లలో కింద ఉండే బటన్ తెర దాటి కిందకి పోతుంది. అది ఉందని కూడా నాకు తెలియదు, ఇది పనిచేయట్లేదురా అంటాను. ఓటీపీ పైన ఇలా మెరిసి పోతుంది, వెతుక్కుని వచ్చేసరికి టైము అయిపోయిందంటుంది. ప్రతిసారీ మళ్లీ లాగిన్ అవమనే యాప్‌ల జోలికి నేను పోను.

ఇంకో మాట. ఆ అట్ట కార్డు తీసేయకండి. మా వంటింట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. పాలు కాస్తూ దానివైపు చూస్తే ఈ వారం ఏ రోజు రాలేదో తెలిసిపోతుంది. లెక్క నా కళ్లముందు ఉందన్న ధైర్యం అది. యాప్ వచ్చిందని కార్డు మానేసిన రోజు మీ లెక్క మీదే, నాదేమీ లేదు అనిపిస్తుంది.

డిజైనర్_మణికొండ · శుక్రవారం, రాత్రి 9:05

టీచర్ గారూ, మీరు చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా పనిలో పెట్టాల్సినవి.

తెనాలి గారూ, కార్డు ఉంచండి. యాప్‌లో నెల లెక్క చూపేటప్పుడు కూడా అదే కార్డు రూపం వాడండి. అవే గళ్లు, అదే టిక్కు. పాలు పడిన రోజు టిక్కు, వద్దన్న రోజు గీత, ఎక్కువ తీసుకున్న రోజు అంకె. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ ఉండదు. పైగా ప్రతి గడి నొక్కగానే “6వ తేదీ, తెల్లవారి 5:20కి వేశాం” అని కనబడాలి, పక్కనే ‘ఇది తప్పు’ అని ఒక బటన్. ఆ రోజు పాలు రాలేదని నొక్కితే ఆ రోజు డబ్బు వెంటనే లెక్కలోంచి తీసేయండి, విచారణ తర్వాత మీరూ మీ కుర్రాడూ చూసుకోండి. మోసం చేసేవాళ్లు ఎక్కడో ఒకరుంటారు. ఆ ఒక్కరి కోసం మిగతా అందరినీ అనుమానించే పద్ధతి పెట్టొద్దు.

లాగిన్ ఒక్కసారే. బటన్లు వేలికి సరిపడా ఉండాలి. ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ (తెర మీద వాడే కొలత) అని గూగులే చెబుతుంది. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి చూసుకోకుండా ఏ తెరనీ ఒప్పుకోకండి.

లిపి_ప్రేమికుడు · శుక్రవారం, రాత్రి 10:15

తెలుగులో చేయిస్తున్నారు కాబట్టి ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. చాలా సంస్థలు తెరని ఇంగ్లీషులో గీసి, చివర్లో తెలుగు మాటలు నింపుతాయి. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే ఎత్తు పెట్టిన బటన్‌లో తెలుగు పెడితే కింద వత్తులు తెగిపోతాయి. ‘లక్ష్మి’ అని రాస్తే కింద వచ్చే మవత్తు కనబడదు, ‘రాష్ట్రం’లో కింది భాగమంతా పోతుంది. వరుసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. బటన్ ఎత్తు బిగించకుండా, లోపలి అక్షరాన్ని బట్టి పెరిగేలా చేయమని చెప్పండి.

పొడవు కూడా చూసుకోవాలి. ఇంగ్లీషులో ఒక చిన్న మాట పట్టిన చోట తెలుగు మాట పట్టక చివర మూడు చుక్కలు వస్తాయి. తెలుగులోనే మొదట గీయించండి, ఇంగ్లీషు దాంట్లో ఎలాగూ పడుతుంది. అంకెలు మాత్రం 1, 2, 3 లోనే ఉంచండి.

వెతికే పెట్టె పెడతామంటే వద్దనండి, ఉన్న సరుకులు నాలుగే.

గేటుముందు_సైకిల్ · శనివారం, ఉదయం 6:30

కాలేజీలో ఉన్నప్పుడు నేనూ పాలు వేశాను. ఇక్కడ ఎవరూ కుర్రాడి గురించి మాట్లాడట్లేదు. ఖాతాదారు ‘రేపు వద్దు’ నొక్కితే సరిపోదు, తెల్లవారుజామున నాలుగున్నరకి చీకట్లో బండి మీద ఉన్నవాడికి ఆ సంగతి కనబడాలి.

అప్పుడు చేతులు తడిగా ఉంటాయి. ప్యాకెట్ల మీద నీళ్లు కారుతుంటాయి, తడి వేలితో నొక్కితే ఫోన్ తీసుకోదు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సంచిలో. ఒక్కో ఇంటికీ ఫోన్ తీసి టిక్కు పెట్టమంటే ఎవరూ పెట్టరు, అన్నీ చివర్లో ఇంటికొచ్చి గుర్తున్నంత వరకు నొక్కుతారు. లెక్కలో తేడా అక్కడే వస్తుంది.

నాకైతే ఇలా కావాలనిపించేది. అందరి పేర్లూ వద్దు. నేను వెళ్లే వీధుల వరుసలో, ఇవాళ మార్పు ఉన్న ఇళ్లే ఎర్రగా పెద్దగా కనబడాలి. అరవై ఇళ్లలో ఏడెనిమిదే మారతాయి. మిగతావి మామూలుగా పడినట్టే లెక్క, పడకపోతేనే నేను నొక్కాలి. నెట్ లేకపోయినా జాబితా తెరుచుకోవాలి. బయల్దేరేముందు జాబితా చెవికి చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

డిజైనర్_మణికొండ · శనివారం, ఉదయం 7:40

ఈ చర్చలో అన్నిటికంటే విలువైన పోస్టు ఇదే. తెనాలి గారూ, ఖాతాదారు తెర కంటే ముందు మీ కుర్రాళ్ల తెర చేయించండి. అది సరిగా పనిచేయకపోతే ఖాతాదారు తెర మీద ఇచ్చిన మాట మనం నిలబెట్టుకోలేం.

డాలస్_అబ్బాయి · శనివారం, ఉదయం 8:25

మా అమ్మానాన్న తెనాలి కొత్తపేటలోనే ఉంటారు. పాలు తాగేది వాళ్లు, డబ్బు కట్టేది నేను. ఏ యాప్‌లో చూసినా ఒక ఖాతాకి ఒక్క ఫోన్ నంబరే. ఓటీపీ అమ్మకి వెళ్తుంది, నేను ఇక్కడ రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి అడగాలి. ఒకే ఇంటికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకోనివ్వండి. పాలు వద్దు, కావాలి అనేది అమ్మ చేతిలో, బిల్లు నా చేతిలో.

అమెరికా నంబర్‌తో యూపీఐ కుదరదని కొందరు అనుకుంటారు. విదేశాల్లో ఉండే మనవాళ్ల ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ బ్యాంకు ఖాతాలకి విదేశీ నంబర్‌తో యూపీఐ ఇవ్వొచ్చని 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 10 దేశాలకి అనుమతించింది, అందులో అమెరికా ఉంది.

ఇంకొకటి అడగొచ్చో లేదో. నాన్న పాలు తీసుకున్నారని రోజూ ఒక చిన్న గుర్తు నా ఫోన్‌లో కనబడితే నాకు ఎంతో నిశ్చింతగా ఉంటుంది.

లాయర్_గుంటూరు · శనివారం, ఉదయం 9:10

ఆ చివరిది తల్లిదండ్రుల్ని అడిగి, వాళ్లు సరేనంటేనే పెట్టండి బాబూ.

డాలస్_అబ్బాయి · శనివారం, ఉదయం 9:14

తప్పకుండా సార్.

తెరచదువు · శనివారం, ఉదయం 11:00

నాకు చూపు లేదు. తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఫోన్ వాడతాను, తెలుగులోనే చదివిస్తుంది. యాప్ బాగుందో లేదో నాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. బొమ్మ బటన్లకి పేరు పెట్టకపోతే “పేరులేని బటన్, పేరులేని బటన్” అంటూ పోతుంది. ఏది నొక్కితే పాలు ఆగుతాయో, ఏది నొక్కితే రెండు లీటర్లు అవుతాయో తెలియదు. రంగుతో మాత్రమే చెప్పే విషయం కూడా నాకు అందదు. ఎరుపు అంటే రాలేదు, ఆకుపచ్చ అంటే వచ్చింది అని గళ్లకి రంగులు పెట్టి ఊరుకోకండి, మాట కూడా ఉండాలి. పైన కదిలే ప్రకటనలుంటే చదివేది మధ్యలో అటు ఎగిరిపోతుంది.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. తీర్పు సంగతి అటుంచి, బటన్లకి పేర్లు పెట్టడానికి మీ ప్రోగ్రామర్‌కి ఒక పూట పని. ఆ ఒక్కపూట పని చేసిన యాప్‌ని నాలాంటివాళ్లు వదలరు, తోటివాళ్లకి చెబుతారు.

కోడ్_కాకినాడ · శనివారం, మధ్యాహ్నం 12:20

అన్నీ బాగున్నాయిగానీ, నాకు అసలు ప్లేస్టోర్‌లో యాప్ కావాలా అన్న సందేహం ఇంకా తీరలేదు. ఆరేడు వందల ఇళ్లకి నాలుగు లక్షలు! చాలామంది ఫోన్లలో జాగా ఉండదు, జాగా కోసం మొదట తీసేసేది ఇలాంటి యాప్‌లనే.

పెద్దవాళ్లకే దెబ్బలు తగిలాయి. బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మే మింత్రా 2015 మేలో వెబ్‌సైట్ మూసేసి యాప్ ఒక్కటే ఉంచింది. ఏడాది తిరిగేసరికి 2016లో వెబ్‌సైట్ మళ్లీ తెరిచింది. యాప్‌లోనే కొనాలని బలవంతపెడితే జనం వేరే దారి చూసుకుంటారు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ‘మన మిత్ర’ మొదలుపెట్టినప్పుడు సేవల్ని వాట్సాప్‌లోనే ఇచ్చింది, కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు. మీ ఖాతాదారులు ఇప్పటికే మీకు వాట్సాప్ పెడుతున్నారు. దాన్నే సరిచేయండి. ‘రేపు వద్దు’ అని మెసేజ్ వస్తే యంత్రమే చదివి జాబితా మార్చేయాలి, మీ జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

డిజైనర్_మణికొండ · శనివారం, మధ్యాహ్నం 1:05

వాట్సాప్ ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ అదొక్కటే చాలదు. నెల లెక్క చూడాలంటే పాత మెసేజ్‌లు వెనక్కి తోసుకుంటూ పోవాలి. గళ్ల కార్డు అక్కడ కుదరదు. పైగా ఖాతాదారు మెసేజ్ పెట్టిన 24 గంటల్లోపే మనం మామూలుగా జవాబివ్వగలం, ఆ తర్వాత ముందే ఆమోదం తీసుకున్న నమూనా సందేశాలే పంపాలి, వాటికి డబ్బు పడుతుంది.

మధ్యేమార్గం ఒకటుంది. ఫోన్‌లో తెరుచుకునే ఒక వెబ్ పేజీ చేయించండి. వాట్సాప్‌లో లింకు, నొక్కితే ఆ ఇంటి కార్డు తెరుచుకుంటుంది. కావాలనుకున్నవాళ్లు హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటారు. ఫ్లిప్‌కార్ట్ 2015లోనే ఈ పద్ధతిలో తేలికపాటి వెబ్ యాప్ తెచ్చింది. కుర్రాళ్లకి మాత్రం నెట్ లేకపోయినా నడిచే ఆండ్రాయిడ్ యాప్ చేయించండి.

కోడ్_కాకినాడ · శనివారం, మధ్యాహ్నం 1:30

ఇదైతే సరే. దీనికి నాలుగు లక్షలు కాదు, అందులో సగం కూడా కాదు. లింకు మాత్రం ఎవరికి పడితే వాళ్లకి తెరుచుకోకుండా మొదటిసారి నంబరు సరిచూడాలి.

డబ్బు విషయానికొస్తే ముందస్తు వాలెట్ వద్దు. ఇప్పుడున్నట్టే నెలాఖరు బిల్లు ఉంచండి. ఇష్టమైనవాళ్లకి యూపీఐ ఆటోపే పెట్టండి, నెలనెలా డబ్బు దానంతటదే కట్టేస్తుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీసుకునే 24 గంటల ముందు ఖాతాదారుకి సమాచారం వెళ్లాలి, వద్దనుకుంటే తన యూపీఐ యాప్‌లోంచే ఆపేసుకోవచ్చు. ఆ ముందురోజే మీ గళ్ల కార్డు లింకు కూడా పంపండి. లెక్క చూసుకున్నాకే డబ్బు పోతుంది.

పాలకేంద్రం_తెనాలి · శనివారం, సాయంత్రం 5:50

ఒక ఇబ్బంది ఉంది. మార్పులు ఎప్పటిదాకా ఒప్పుకోవాలి? రాత్రి తొమ్మిదిన్నరకి మేం రూట్లవారీగా ట్రేలు సర్దడం మొదలుపెడతాం. ఆ సంస్థవాళ్లు సాయంత్రం ఏడింటికే ఆపేయమన్నారు. ఏడింటికి ఎవరికి గుర్తుంటుంది? పిల్లలు పడుకున్నాకే ఇంట్లో రేపటి సంగతి ఆలోచిస్తారు.

గేటుముందు_సైకిల్ · శనివారం, సాయంత్రం 6:20

మిగిలిన ప్యాకెట్లు ఏం చేస్తారు?

పాలకేంద్రం_తెనాలి · శనివారం, సాయంత్రం 6:24

తోడు పెట్టేస్తాం. పెరుగుకి పోతాయి. నిజానికి పెరుగు మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, ఇంకా అడుగుతారు.

డిజైనర్_మణికొండ · శనివారం, సాయంత్రం 6:45

అయితే మీకు నష్టం ఏముంది? ట్రే సర్దాక కూడా వద్దనవచ్చు, కుర్రాడి జాబితాలో ఎర్రగా పడుతుంది, ఆ ప్యాకెట్ వెనక్కొచ్చి పెరుగవుతుంది. తెల్లవారుజామున నాలుగింటి దాకా ‘రేపు వద్దు’ తెరిచి ఉంచండి. ఎక్కువ కావాలన్నవాళ్లకి మాత్రం తొమ్మిదిన్నర. ఆ తర్వాత అడిగితే, “ట్రేలు సర్దేశాం, కుర్రాడి దగ్గర మిగిలితే ఇస్తాడు” అని ఉన్నమాట చెప్పండి. ఏ బయటి యాప్ ఇవ్వలేనిది మీరు ఇవ్వగలుగుతున్నారు, ఎందుకంటే పెరుగు మీరే తోడు పెడతారు కాబట్టి.

పాలకేంద్రం_తెనాలి · శనివారం, సాయంత్రం 7:02

ఇది నాకు తట్టనేలేదు. తమ్ముడికి ఇప్పుడే చదివి వినిపించాను.

ఇంకో ఆలోచన. రోజూ ప్యాకింగ్ ముందు వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలే గట్టి పదార్థం) పరీక్ష చేసి పుస్తకంలో రాస్తాం. దాన్ని కూడా ఆ పేజీలో పెడితే? మా పాలంటే నమ్మకం అదేగా.

లాయర్_గుంటూరు · శనివారం, సాయంత్రం 7:40

తప్పకుండా పెట్టండి, కానీ పెడితే రోజూ పెట్టాలి, తగ్గిన రోజు కూడా. ప్యాకెట్ మీద ఏ రకం అని రాశారో దానికి తగ్గ ప్రమాణం ఉండాలి. ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కలో ఫుల్ క్రీమ్ అంటే వెన్న 6 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 9 శాతం తగ్గకూడదు. టోన్డ్ అయితే 3, 8.5.

విశ్రాంత_టీచర్ · శనివారం, రాత్రి 8:00

ఆ అంకెల పక్కన ఒక్క ముక్క తెలుగులో రాయి బాబూ, ఎక్కువుంటే మంచిదో తక్కువుంటే మంచిదో మాకు తెలిసేలా. మీగడ ఎంత కడుతుందో చెప్తే ఇంకా తొందరగా అర్థమవుతుంది.

డిజైనర్_మణికొండ · శనివారం, రాత్రి 8:35

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. డబ్బు ఇచ్చేముందు తెరలన్నీ కాగితం మీద గీయించండి. ఐదుగురు ఖాతాదారుల దగ్గరికి వెళ్లండి. ఐదుగురితో పరీక్షిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడుక నిపుణుడు యాకోబ్ నీల్సన్ 2000లోనే చెప్పాడు. కుర్రాళ్లు వేరే జట్టు కాబట్టి వాళ్లతో విడిగా. ఒక పని చెప్పండి: “ఆదివారం నుంచి బుధవారం దాకా మీరు ఊళ్లో ఉండరు, పాలు ఆపండి.” తర్వాత నోరు విప్పకండి. వేలు ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడండి. అక్కడ నొక్కండి అని ఒక్కసారి చెప్పినా ఆ పరీక్ష చెడిపోయినట్టే.

పాలకేంద్రం_తెనాలి · ఆదివారం, ఉదయం 10:10

ఆ సంస్థకి ఫోన్ చేసి చక్రం, వాలెట్, గోల్డ్ మెంబర్‌షిప్ వద్దన్నాను. అవి లేకపోతే ప్యాకేజీ కుదరదన్నారు, సరే అన్నాను. మొదట కుర్రాళ్ల జాబితా, తర్వాత వాట్సాప్ లింకుతో గళ్ల కార్డు, అట్ట కార్డు ఎప్పటిలాగే. పాయింట్లు నెయ్యికి మాత్రం, అదీ తర్వాత చూద్దాం. ఒక ఇంటికి రెండు నంబర్లు మొదటి రోజు నుంచే ఉంటాయి. డాలస్ తమ్ముడూ, మీ అమ్మగారి ఇల్లు మా రూట్‌లోదేనేమో, ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

కాకినాడ తమ్ముడూ, కుర్రాళ్ల యాప్ నువ్వు చేస్తావా?

కోడ్_కాకినాడ · ఆదివారం, ఉదయం 10:32

చేస్తానన్నా. ముందు ఒక రోజు తెల్లవారుజామున మీ కుర్రాడి బండి వెనకాల కూర్చుని రూట్ మొత్తం తిరగాలి. ఏ రోజు రమ్మంటారు?

తెరచదువు · ఆదివారం, ఉదయం 10:50

కాగితం తెరలు అయ్యాక, మొదటి వెర్షన్ లింకు నాకూ పంపండి. టాక్‌బ్యాక్‌తో చదివించి ఏ బటన్‌కి పేరు లేదో రాసి పంపిస్తాను.